మామగారి గొంతున్న పెట్టె

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషికి తోటి పనివాళ్ళు పెట్టిన పేరు ‘రెండోతాడు’. ఒక తాడు తెగితే మోయడానికి రెండోది ఉందా లేదా అని చూసుకోనిదే అతను ఏ లిఫ్టూ ఎక్కడు, ఎవర్నీ ఎక్కనివ్వడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అతని చేతి కింద ఒక్క లిఫ్టు కూడా జారలేదు. అటువంటివాడి ఇంట్లోనే, చెప్పుల అలమర పైన పెట్టిన నల్లటి సర్వర్ పెట్టె ఒక ఆదివారం పొద్దున కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది.

ఇంటిల్లిపాది ఫోటోలూ కాగితాలూ ఆ పెట్టెలోనే ఉంటాయి. వాటి సంగతి ఎలా ఉన్నా, అందులో మామగారి గొంతు ఉంది. మూడేళ్ళ క్రితం ఆయన స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టర్లు తేల్చినప్పుడు, ఆపరేషనుకు ముందు పదిహేను రోజులపాటు ఆయన చేత మాట్లాడించి రికార్డు చేశారు. పేపరు చదివించారు, చిన్ననాటి సంగతులు చెప్పించారు. మధ్యమధ్యలో అలవాటు చొప్పున అల్లుణ్ణి తిట్టిన తిట్లు కూడా అందులో పడ్డాయి. మొత్తం అరవై ఒక్క రికార్డింగులు. ఇప్పుడాయన పలక మీద రాసి మాట్లాడతాడు. నోరున్నప్పటికంటే పలక వచ్చాకే ఆయన మాట పదునెక్కిందని అల్లుడి అభిప్రాయం.

పెట్టెలో ఉన్నవి రెండు డిస్కులు. ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది. ‘డిస్కు నంబరు 1 చెడిపోయింది’ అని తెర మీద చూపిస్తోంది.

“కంగారు పడకు. ఒకటి పోతే ఇంకోటి మోస్తుంది. పదినిమిషాల పని” అని భార్యకి ధీమాగా చెప్పి, కొత్త డిస్కు పక్కన పెట్టుకుని, ఎడమవైపు నుంచి మొదటిదాన్ని పట్టి లాగాడు.

కీచుమనే శబ్దం ఆగింది. దాంతోపాటు పెట్టె కూడా ఆగింది. పెట్టె తన డిస్కుల్ని సున్నా నుంచి లెక్కపెడుతుందని, దాని లెక్కలో ఒకటంటే రెండోదని అప్పుడు తట్టింది. చేతిలో ఉన్నది మంచి డిస్కు. లోపల మిగిలింది చచ్చినది.

కుర్చీలో కూర్చుని చూస్తున్న మామగారు పలక ఎత్తి చూపించాడు. “కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందా?”

ఆ ఇంట్లో ఆ సామెత వాడే హక్కు ఆయనకొక్కడికే ఉంది.

భార్య ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. “పీకేముందు నంబరు చూసుకోరా? ఒక చుక్క రక్తం తియ్యాలన్నా నేను పేరు రెండుసార్లు అడుగుతా. లిఫ్టు తాళ్ళు కూడా ఇలాగే లెక్కపెడతారా ఏంటి?”

“బ్యాకప్ ఉందిగా!” అన్నాడు పళ్ళు కొరుకుతూ.

ఉంది. రోజూ రాసుకునే మూడో డిస్కు విడిగా ఉంది. ఒక్కరోజు కూడా తప్పకుండా ‘విజయవంతం’ అని పచ్చటిక్కు పెట్టుకుంటూ వచ్చింది. దాన్ని ల్యాప్‌టాపుకి తగిలించి ‘నాన్న’ అనే ఫోల్డరు తెరిచాడు. ఖాళీ. మూసి మళ్ళీ తెరిచాడు. తెరిచినకొద్దీ ఖాళీ.

“అందులో ఎందుకుంటాయి? అవన్నీ తీసి ‘నాన్న మాటలు’ అని వేరేచోట సర్దాను కదా” అంది ఆమె.

“ఎప్పుడు?”

“ఎనిమిది నెలలైంది.”

బ్యాకప్‌కి అతను చూడమని చెప్పింది పాత ఫోల్డరుని. అది ఖాళీ కాగానే, తన దగ్గరున్న కాపీని కూడా బుద్ధిగా చెరిపేసి, ఎనిమిది నెలలుగా ఆ ఖాళీనే భద్రంగా దాచిపెడుతోంది.

“ఒక్క ముక్క నాకు చెప్పొచ్చు కదా!”

“మీరు ఒక్కసారి తెరిచి చూసుకోవచ్చు కదా!”

అతను పీకిన డిస్కుని తిరిగి దాని అరలో పెట్టి, పెట్టెని ఆన్ చేశాడు. అరగంట సణిగి సణిగి అది లేచింది. రికార్డింగులు కనిపించాయి. ఇక ఆలస్యం చేయకుండా కొత్త డిస్కుని పెట్టె వెనకాల తగిలించి కాపీ మొదలుపెట్టాడు. ఆరు గంటలు పడుతుందంది. కాసేపటికి పదకొండు అంది. కాఫీ తాగి వచ్చేసరికి ఇరవై!

ఇంత నత్తనడక ఎందుకా అని, పెట్టెలోకి ఎవరెవరు వస్తున్నారో రాసుకునే రాకపోకల చిట్టా తెరిచాడు. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడివాళ్ళో పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఊహిస్తూ పొద్దుట్నుంచి నాలుగువేల సార్లు తలుపు తట్టారు. పైగా ఎవడో ఒకడు లోపలే ఉన్నాడు! ఒక్క ఉదుటున వెళ్ళి, బయటినుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ పీకేశాడు.

నిమిషం తిరక్కుండా బావమరిది ఫోను. “బావా, ఏమైంది? సినిమా సరిగ్గా చివర్లో ఆగిపోయింది.”

“నా పెట్టెలో సినిమా నువ్వెలా చూస్తున్నావురా?”

“మొన్న వచ్చినప్పుడు బయటినుంచి దారి తెరిచి పెట్టుకున్నా. నీకు గుర్తుండేలా పాస్‌వర్డ్ కూడా తేలిగ్గానే పెట్టాలే.”

“ఏం పెట్టావు?”

“ఒకటి నుంచి ఎనిమిది.”

“వరసగానా?”

“మరి తేలిగ్గా అంటే?”

బావమరిది బతక కోరతాడని సామెత. పెట్టె బతుకు గురించి అందులో ఏమీ లేదు. చిట్టా మొదట్నుంచి చివరిదాకా వెతికితే, లోపలికి రాగలిగినవాడు వీడొక్కడేనని తేలింది. యూజరు పేరుగా తన ముద్దుపేరు ‘బుజ్జిముండ’ పెట్టుకోబట్టి, తలుపు తట్టిన పరాయివాళ్ళెవరికీ అది తట్టలేదు. ఆ దారి మూసేసి, పాస్‌వర్డ్ మార్చేశాడు.

సోమవారం సెలవు పెట్టాడు. మధ్యాహ్నానికి కాపీ పూర్తయింది. యాభై ఎనిమిది వచ్చాయి. మంచిదనుకున్న డిస్కులోనూ అక్కడక్కడా మచ్చలున్నాయి. నాలుగుసార్లు ప్రయత్నించినా మిగతా మూడూ రాలేదు. వాటిలో రెండు పేపరు చదివినవి. మూడోది, పోయిన అత్తగారితో పెళ్ళైన కొత్తలో జరిగిన మొదటి పోట్లాట గురించి ఆయన చెప్పినది. ఆ మాట వినగానే భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

మామగారి ముందు నిలబడి, “మూడు పోయాయి మావయ్యగారూ. తప్పు నాదే” అన్నాడు.

ఆయన చాలాసేపు రాశాడు. “ఆ కథలో సగం నేను కల్పించిందే. తప్పంతా ఆవిడదన్నాను. కాగితాలు తీసుకురా, ఉన్నదున్నట్టు రాస్తాను.”

వారం రోజుల్లో పదకొండు పేజీలయ్యాయి. తప్పు మూడొంతులు తనదేనని ఒప్పుకున్నాడు. నాలుగో వంతు దగ్గర మాత్రం పట్టు విడవలేదు.

ఇప్పుడు ఒక కాపీ ఇంట్లో, ఒకటి ఆమె ల్యాబులోని అలమరలో ఉంటాయి. పచ్చటిక్కులంటే అతనికి ఒళ్ళుమంట. ప్రతి శనివారం బ్యాకప్ నుంచి ఒక రికార్డింగు తెరిచి చివరిదాకా వింటాడు. తన గొంతు తనకే విసుగంటూ మామగారు లేచి తలుపేసుకుంటాడు. కొత్త పాస్‌వర్డ్ ఏంటని బావమరిది వారానికి రెండుసార్లు ఫోను చేస్తూనే ఉన్నాడు.