ముళ్ళ మాటున వేపలు

మా మేనమామ పోయారు. రాప్తాడులో మా ఇంట్లో దేవుడికి దీపం పెడుతుండగా, కొత్తచెరువు నుంచి వచ్చిన బస్సు కండక్టరు వాకిట్లో నిలబడి చెప్పాడు. "మీ మామ పోయినాడమ్మా. ఆ ముండ్ల చేన్లోనే పూడ్చమన్నాడంట."

ఆయన మంచివాడని రాస్తే ఆ ఊరివాళ్ళు నవ్వుతారు. అయినా ఓపిక అంటే ఏమిటో నాకు చూపించింది ఆయనే.

గుట్ట వాలున ఆయనకు చేను ఉండేది. ఏటా శనక్కాయ వేసి వేసి, వానలకు మన్ను కొట్టుకుపోయి, చివరికి అడుగునున్న గులకరాళ్ళ గరుసు తేలింది. డెబ్బైల మొదట్లో ఆయన సేద్యం ఆపి, చుట్టూ కంప నాటి వదిలేశారు. మొదట పల్లేరు పాకింది. తర్వాత బోదగడ్డి, ఆ తర్వాత తంగేడు, రేగు కంప.

"ఏమప్పా, ముండ్లు పండిస్తాండావా? సంతకు ఎప్పుడు తోల్తావు?" అని ఊరు ఎగతాళి చేసేది.

నేను వెళ్ళినప్పుడు రేగు కొమ్మను కర్రతో ఎత్తి, అడుగున వేలెడంత వేపమొలకను చూపించారు. పిట్టలు వేసిన విత్తనం. "చెట్టు ఊరికే రాదు పాపా. ముందు గడ్డి మన్ను పట్టల్ల. ముండ్లు కాపలా ఉండల్ల. ఆ తరువాతనే వేప." ఆయన నవ్వగా నేను చూసింది అప్పుడొక్కసారే.

మా వైపు పైరు లేని చేనిలో ఎవరి జీవాలైనా మేయవచ్చు. కరువులో కాదనడం పాపం. మామ మాత్రం కాదన్నారు. వడిసెలతో రాళ్ళు విసిరి మందల్ని తరిమేవారు. ఒకసారి ఎవరో కంపకు నిప్పు పెట్టారు. ఆయన నెత్తురు కారే చేతులతో మళ్ళీ కంప కట్టారు.

ఒక కరువు ఏడు ఆయన కూతురు, మా వదిన, మేకల్ని తోలుకొని వచ్చింది. భర్త పోయిన మనిషి. ఆ మేకలే ఆమెకు కూడు. నేను అక్కడే ఉన్నాను.

"నాయనా, వానొచ్చే దాకా మేపుకుంటా."

"ఈడ మేత లేదు."

"కండ్ల ముందర పచ్చగా ఉండాది కదా!"

"మేక నోరు పడితే మొలక మళ్ళా లేయదు. పో."

"నాకన్నా ఆ మొలకలు ఎక్కువైనాయా నీకు?"

ఆయన వడిసెలలో రాయి పెట్టారు. అది ముందున్న మేక కాలికి తగిలింది. వదిన దాన్ని భుజానికెత్తుకొని వెళ్ళిపోయింది. మేకలు కసాయికి పోయాయి. ఆమె రాళ్ళు కొట్టే కూలికి పోయింది.

"దేవుడు చూస్తాడు మామా," అన్నాను.

"చూడనీ. బిడ్డకు కంప తీస్తే ఊరికంతా తీయల్ల," అన్నారు. ఆ పూట ముద్ద ముట్టలేదు.

మొన్న ఆయనకు గొయ్యి తవ్వినవాళ్ళకు, గరుసు తగలకముందు బెత్తెడు నల్లమన్ను గడ్డపార లేకుండా పారకే వచ్చింది. ఎగతాళి చేసినవాళ్ళంతా వేపల కింద తుండుగుడ్డలు పరుచుకొని కూర్చున్నారు. వదిన వచ్చింది. తండ్రి ముఖం చూడలేదు. ఎండలో కూర్చుంది.

"వదినా, నీడలోకి రా," అని పిలిచాను.

"నా మేకల్ని తిని పెరిగిన నీడ అది. నాకొద్దు మ్మే."

పొద్దు వాలేకొద్దీ నీడ ఆమె వైపు జరిగింది. అది పాదాలకు తగలగానే ఆమె లేచి, చీర దులుపుకొని, ఇంకొంచెం ఎండలోకి జరిగి కూర్చుంది.