మోగని చోటు

మా బావ చేతిలో ఎప్పుడూ ఒక చిన్న సుత్తి ఉంటుంది. పాత బండ్ల అడుగు భాగానికి వెల్డింగు చేయడం ఆయన పని. బరువు మోసే వెనక కమాను కట్టలను ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, పట్టి ఉంచే బ్రాకెట్ల దగ్గర తుప్పు చేరుతుంది. అక్కడ సుత్తి వేస్తే గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, పుచ్చిపోయిన ఇనుము మొద్దుగా పలుకుతుంది. ఈ పిచ్చి షెడ్డులోనే ఆగితే బాగుండేది. ఇంట్లో తలుపు బందులు, మంచం కోళ్లు, నీళ్ల డ్రమ్ము, ఏదీ వదలడు. "ఆదమరిచి నిద్రపోతే నా తల కూడా కొట్టి చూస్తాడురా" అంటుంది మా అక్క. అంటూ నవ్వుతుంది గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

ఎందుకంటే ఆ సుత్తి పెద్ద బావది. పెద్ద బావ అంటే మా బావకు సొంత అన్న.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. వెల్డింగు చేసినవాడు తన పనిని తాను పరీక్షించకూడదు. వేరే మనిషి సుత్తి వేసి వినాలి. ఆ పద్ధతి పెట్టింది పెద్ద బావే. కానీ ఆయన పని మీద ఎవరూ సుత్తి వేసేవారు కాదు. అన్న పనిని తమ్ముడు పరీక్షించడమేమిటి, మర్యాద కాదుగా! ఆ మర్యాదను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకసారి పెద్ద బావ ఒక వ్యానుకు తుప్పు పూర్తిగా కోయకుండా, పైన మందపాటి రేకు అతికి నల్ల రంగు పూశాడు. పక్కన సామాన్లు సర్దుతున్న మా బావ చేతిలోంచి పానా జారి ఆ రేకుకు తగిలింది. అది మోగలేదు. మా బావ విన్నాడు, నోరు మెదపలేదు. బండి ఎలా ఉందో చూద్దామని పెద్ద బావే నడుపుకుంటూ వెళ్లాడు. దిగుడు రోడ్డు మలుపులో వెనక చక్రాల యాక్సిల్ ఊడి వ్యాను లోయలోకి పడింది. పెద్ద బావ ప్రాణాలతో బయటపడలేదు. రేకు చెక్కుచెదరలేదట, దాని చుట్టూ ఉన్న పుచ్చు ఇనుమే చిరిగింది. పానా సంగతి మా బావ నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచీ ఆయన బండి కింద పడుకుంటే చాపలో సగం ఖాళీగా వదిలేస్తాడు. నాది పక్కనే విడిభాగాల కొట్టు. ఒక మధ్యాహ్నం బోల్టులు ఇవ్వడానికి వెళ్తే కింద నుంచి "అన్నా, కాస్త జరుగు" అన్న మాట వినిపించింది. వంగి చూశాను. ఒక్కడే ఉన్నాడు. బోల్టులు అక్కడే పెట్టి, చెప్పాపెట్టకుండా వచ్చేశాను.

మొన్న పెద్ద బావ కూతురు పాత వ్యాను ఒకటి కొని తెచ్చింది. సోమవారం నుంచి బడిపిల్లలను తిప్పాలి, అదీ ఆ దిగుడు రోడ్డు మీదే. వెనక బ్రాకెట్లకు పాత యజమాని మరమ్మతు చేయించాడట, నల్లగా నిగనిగలాడుతున్నాయి. మా బావ సుత్తి వేశాడు. రెండు పక్కలా మొద్దుగా పలికింది. బండి కదలడానికి వీల్లేదన్నాడు. ఒప్పుకున్న పని పోతుందని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు.

జాకీని ఆయన నమ్మడు. ఛాసిస్ కింద స్టాండ్లు, యాక్సిల్ కింద వేరే స్టాండ్లు పెట్టాడు. బ్యాటరీ విప్పి, డీజిల్ ట్యాంకు దింపించి దూరంగా పెట్టించాడు. చక్రం వంకరపోకుండా, కోసేముందే బ్రాకెట్ల కొలతలు ఛాసిస్ మీద గీసుకున్నాడు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకున్నాడు. తెల్లగా మెరిసే ఇనుము తగిలేదాకా కోశాడు. కొత్త రేకును మూలలు గుండ్రంగా చేసి, బరువు ఒక్కచోటే పడకుండా గట్టి ఇనుము మీదికి వెడల్పుగా పరిచాడు. కాస్త అతకడం, చల్లారనివ్వడం, మళ్లీ కాస్త అతకడం. చూసేవాడికి విసుగొస్తుంది, నాకైతే వచ్చింది.

రంగు వేయకముందే సుత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వెనక్కి తగ్గింది.

"నీ పని మీద నేను సుత్తి వెయ్యడమా చిన్నాన్నా? బాగుండదు."

"బాగుండక్కర్లేదు. మోగకపోతే నా మొహం మీదే చెప్పు."

ఆమె వంగి కొట్టడం మొదలుపెట్టింది. ఖంగు, ఖంగు. కుడి పక్క లోపలి మూలకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. మళ్లీ కొట్టింది. నా వైపు చూసింది. నాకూ వినిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను చూపు తిప్పుకున్నాను.

"చిన్నాన్నా, ఇక్కడ మోగట్లేదు" అంది.

మా బావ ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. కళ్లవెంట నీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు. తప్పుగా అన్నానేమోనని ఆమె కంగారుపడింది. ఏం లేదన్నట్టు ఆయన ఆమె తల నిమిరి, గ్రైండరు తీసుకుని మళ్లీ బండి కిందికి దూరాడు. ఎప్పటిలాగే చాపలో సగం వదిలి పడుకున్నాడు.

"అన్నా, ఇంత చిన్న మాటే" అన్నాడు కింద నుంచి.

తర్వాత గ్రైండరు మోత మొదలైంది.