పరీక్షలయ్యేదాకా

నేను పదో తరగతిలో చేరిన కొత్తల్లో మా లెక్కల అయ్యవారు నాయన్ను బడికి పిలిపించారు. అరవయ్యో దశకం మొదలు. వాకాడుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న మా పల్లెలో అప్పటికి హైస్కూలు గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. నాయన తెప్ప మీద వేటకు పోయేవాడు. ఆయన బడికి రావడం అదే మొదటిసారి. పెళ్ళిళ్ళకు తొడిగే చొక్కా తొడుక్కొని వచ్చి, ఎంత పిలిచినా లోపలికి రాకుండా గది బయటే నిలబడ్డాడు.

"మీవాడు లెక్కల్లో గట్టివాడు," అన్నారు అయ్యవారు. "వచ్చే ఏడు పదకొండో తరగతి, ఎస్సెల్సీ. ఆ తర్వాత కాలేజీలో పీయూసీ సైన్సు చదవాలంటే ఇప్పుడే కాంపోజిట్ లెక్కలు తీసుకోవాల. జనరల్ లెక్కలు తీసుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇంట్లో ఆలోచించుకొని రేపు చెప్పండి."

"రెండిట్లో ఏది కష్టం సామీ?"

"కాంపోజిట్టే."

"అయితే అదే రాయండి. ఇంట్లో అడిగేదానికి ఏముండాది."

అలా అన్నాడు గానీ ఇంటికి రాగానే అడిగాడు. అడిగింది అమ్మను కాదు, మా అన్నను. అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అయిదో తరగతితో బడి మాని నాయనతో తెప్ప ఎక్కాడు. నేను కాలేజీకి పోతే ఇంట్లో తెడ్డు పట్టే చేతులు ఎప్పటికీ రెండు జతలే. అన్న వలలో చిక్కిన నాచు ఏరుతూ, తల ఎత్తకుండానే, "వాణ్ణి చదవనీ నాయినా. తెప్ప సంగతి నేను చూసుకుంటా," అన్నాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

ఆ రెండేళ్ళు మా ఇంట్లో ఏది చేసినా నా చదువు కోసమే చేశారు. బడిలో నా పక్కన కూర్చునే పిల్లవాడు ఒకరోజు ముక్కు మూసుకొని వెనక బెంచీకి పోయాడు. నేను ఇంటికి వచ్చి చొక్కా రెండుసార్లు ఉతుక్కున్నాను. అమ్మ ఎందుకని అడిగితే చెప్పాను. ఆమె మర్నాటి నుంచి నెత్తళ్ళ చేపలను మా వాకిట్లో ఎండబెట్టడం మానేసింది. గంపలు నెత్తిన పెట్టుకొని ఊరికి దూరంగా ఉన్న ఇసక దిబ్బల దాకా నడిచి, అక్కడ ఆరబోసి, కాకులు వాలకుండా కాపలా కూర్చునేది. నా పుస్తకాల సంచీని, ఉతికిన చొక్కాను ఇంట్లో కాక, చేప ముట్టని పక్కింటి ముసలామె దగ్గర పెట్టించింది. పొద్దున్నే అక్కడ బట్టలు మార్చుకొని బడికి పోయేవాణ్ణి.

అమ్మకు చదువు రాదు. అయినా సాయంత్రం వెలుతురుండగానే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని పైకి చదవమనేది. ఇంగ్లీషు పాఠం కూడా. ఒక్క మాటా తెలియకపోయినా నా గొంతు ఎక్కడ తడబడిందో ఆమెకు తెలిసేది.

"ఆడ నట్టు కొట్టినావు. మళ్ళా చదువు."

"నీకేం తెలుసమ్మా!"

"నాకేం తెలీదు. నీకు తెలిసుంటే నట్టు కొట్టవుగదా."

ఎస్సెల్సీ పరీక్షలకు మా బడి పిల్లలందరికీ నాయుడుపేటలో సెంటరు పడింది. ఆరు రోజుల పరీక్షలు. అక్కడ మాకు చుట్టాలు లేరు. అమ్మ దగ్గర ఏళ్ళ తరబడి ఎండుచేపలు తీసుకునే ఒక రైతు ఇల్లాలు, "పిల్లోణ్ణి మా ఇంట్లో దించు, నా బిడ్డల్తోపాటే తింటాడు," అన్నది. నన్ను ఒంటరిగా పంపడానికి నాయనకు మనసొప్పలేదు. ఆరు రోజులూ తోడుండాలని బయలుదేరాడు. మార్చి నెల. దక్షిణపు గాలి మొదలై అలలు లేస్తున్న రోజులు. ఒడ్డు దగ్గర విరిగే అలలను దాటించేటప్పుడు తెప్ప మీద ఎప్పుడూ నాయనే వెనక నిలబడేవాడు.

"ఈ ఆరు దినాలు ఒడ్డునే ఉండు. వలలు బాగుచేసుకో," అని అన్నకు చెప్పాడు.

"నువ్వు పోయిరా నాయినా. నేనేం పసిబిడ్డనా," అన్నాడు అన్న. నా జేబులో పెన్ను ఉందో లేదో తడిమి చూసి, "రే, బాగా రాయి," అన్నాడు. నాతో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అది.

మొదటి రోజు తెలుగు రాశాను. రెండో రోజు ఇంగ్లీషు. నాయన ఆ ఇంటి అరుగు మీద పడుకొనేవాడు. పొద్దున నన్ను సెంటరు దాకా తీసుకుపోయి, నా తల మీద చెయ్యి పెట్టి లోపలికి పంపేవాడు. నేను బయటికి వచ్చేదాకా గేటు ఎదురుగా గొంతుక్కూర్చొని ఉండేవాడు. రెండో రోజు మధ్యాహ్నం నేను బయటికి వచ్చేసరికి ఆయన లేడు. రైతు ఇల్లాలు వచ్చి ఉన్నది.

"మీ ఊరినించి మనిషి వచ్చినాడు. ఏదో వల తెగిందంట. మీ నాయన చూసుకొని వస్తానన్నాడు," అని చెప్పింది.

వల తెగితే నాయన ఎందుకు? అన్న ఉన్నాడు గదా. ఆ ప్రశ్న నాకు వచ్చింది. మర్నాటి సాంఘిక శాస్త్రం పుస్తకం తెరిచి, ఆ ప్రశ్నను పక్కన పెట్టాను.

నాలుగో రోజు సాయంత్రం నాయన వచ్చాడు. అరుగు ఎక్కలేదు. ప్రహరీ బయట, రోడ్డు వార నిలబడ్డాడు. నేను పరుగెత్తుకొని పోతే రెండడుగులు వెనక్కి వేశాడు.

"నన్ను తాకబాక అబ్బయ్యా. ఒళ్ళంతా నీసు. నీ గుడ్డలకు అంటుకుంటాది."

ఆయన దగ్గర చేపల వాసన లేదు. స్నానం చేసి ఉన్నాడు. పంచె తడి ఇంకా ఆరలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సముద్రం మీద తిరిగే మనిషికి కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. కానీ తాకవద్దన్న మాట నాకు తెలుసు. ఇంట్లో ఒకరు పోతే మా వాళ్ళు పదకొండు దినాలు అలాగే ఎడంగా ఉంటారు. చావు కబురు చెవిన పడేదాకా ఆ మైల అంటదని మా వైపు నమ్మకం. అందుకే నాయన నన్ను ముట్టుకోలేదు. నాకు ఇంకా కబురు చెప్పలేదు గనక.

"అమ్మ బాగుండాదా?" అని అడిగాను.

"బాగుండాది."

ఇక మిగిలింది ఒక్కరే. "అన్న?" అని అడగాలి. రెండక్షరాల మాట. అది నా నోటిదాకా వచ్చింది. మర్నాడు కాంపోజిట్ లెక్కలు. అడిగితే నాయన అబద్ధం చెప్పలేడని నాకు తెలుసు. చెప్తే నేను రాయలేనని తెలుసు. ఆయన నా ముఖం వైపే చూస్తున్నాడు. అడుగుతానేమోనని భయపడుతున్నాడు.

"రేపు లెక్కలు నాయినా," అన్నాను.

"ఆ. బాగా రాయి," అన్నాడు.

ఆ ఇల్లాలికి అంతా తెలుసు. తన ఇంట్లో చావు మైల పిల్లవాణ్ణి పెట్టుకున్నానని ఆమె అనుకోలేదో, అనుకొని ఊరుకున్నదో. ఆ సాయంత్రం నా కంచంలో అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టింది. అంతకుముందు ఎప్పుడూ అలా పెట్టలేదు. నేను అన్నీ తిన్నాను.

మర్నాడు లెక్కల పరీక్ష రాశాను. ఆ రోజు రాసినంత బాగా నా జీవితంలో మరే పరీక్షా రాయలేదు. ఒక్క లెక్క కూడా వదల్లేదు. అరగంట ముందే అయిపోతే, మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్కటే సరిచూసుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆరో రోజు పరీక్ష అయ్యాక నాయన, నేను బస్సెక్కాము. ఆయన నాకు ఎడంగా, వెనక సీట్లో కూర్చున్నాడు. వాకాడులో దిగి పల్లెకు నడుస్తుంటే, దారిలో కనిపించినవాళ్ళు మమ్మల్ని చూసి తలలు దించుకొని పక్కకు తప్పుకున్నారు. ఇసక దారి మొదట్లో అమ్మ ఎదురొచ్చింది. ఎంతసేపట్నుంచి అక్కడ కూర్చుని ఉందో, చీర కుచ్చెళ్ళ నిండా ఇసక.

"అన్నీ రాసినావా?"

"రాసినానమ్మా."

"ఏమీ మిగల్లేదుగదా?"

"లేదు."

"అన్న లేడు అబ్బయ్యా," అన్నది.

నేను కూలబడి ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే. అప్పుడే తెలిసినట్టు ఏడవడం మాత్రం నిజం కాదు. నాయన అప్పుడు వచ్చి నన్ను పట్టుకున్నాడు.

తర్వాత ఒక్కొక్కటే తెలిసింది. రెండో రోజు తెల్లవారుజామున మా చిన్నాయన తెప్పకు రెండో మనిషి లేక అడిగితే అన్న వెళ్ళాడు. వేట చేసుకొని తిరిగి వచ్చేటప్పుడు, ఒడ్డు కనపడుతున్న చోటే, అల లేచి తెప్పను తిప్పికొట్టింది. చిన్నాయన ఈది బయటపడ్డాడు. తెప్ప దుంగ అన్న తలకు తగిలింది. మర్నాడు దక్షిణాన రెండు మైళ్ళ దూరంలో ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అన్నను పూడ్చిన సాయంత్రమే అమ్మ ఇంటింటికీ పోయిందట. నాయుడుపేట సంతకు చేపలు తీసుకుపోయే ఆడవాళ్ళందరి దగ్గరికీ పోయి, "ఈ వారం అటు పోబాకండమ్మా, పోయినా నా బిడ్డకు చెప్పబాకండి," అని వేడుకున్నదట. ఆ వారం మా ఊరినుంచి ఒక్క గంప కూడా అటు పోలేదు.

వేసవి అంతా ఇల్లు చచ్చిపోయినట్టుండేది. నాయన తెప్ప ముట్టలేదు. ఒకరోజు నేనే అన్న తెడ్డు తీసుకొని ఒడ్డుకు పోయాను. నాయన వెనకే వచ్చి దాన్ని లాక్కున్నాడు. ఆయన నా మీద అంత గట్టిగా అరవడం ఎప్పుడూ వినలేదు.

"ఇది పట్టుకొనేదానికేనా నేను ఆ గేటు కాడ కూర్చున్నింది? నేను ఈడ ఉంటే వాడు ఆ తెప్ప ఎక్కేవాడా?"

అప్పుడు నాకు అర్థమైంది, నేను కాలేజీకి పోకపోతే ఆయనకు మిగిలేది ఆ ప్రశ్న ఒక్కటేనని. ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో మా బడికంతటికీ నావే ఎక్కువ మార్కులు. అయ్యవారు స్వయంగా మా పల్లెకు వచ్చి చెప్పారు. అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది, మళ్ళీ బయటికి రాలేదు.

జూన్‌లో పీయూసీ సీటు కోసం నెల్లూరు కాలేజీలో ఇంటర్వ్యూకు వెళ్ళాం. టేబులు వెనక ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చొని ఉన్నారు. నా మార్కులు చూసి మెచ్చుకున్నారు. వాళ్ళలో ఒకాయన దరఖాస్తు తిప్పుతూ నాయన్ను అడిగారు.

"మీకెంతమంది పిల్లలు?"

"ఇద్దరు సామీ."

"పెద్దవాడేం చేస్తాడు?"

నేను నాయన వైపు చూడలేదు.

"వేటకు పోయినాడు సామీ," అన్నాడు నాయన.

"మంచిది. మీకు ఆసరాగా ఉన్నాడు," అని సంతకం చేశారు.

సీటు వచ్చింది. హాస్టల్లో నా పెట్టె దించి నాయన ఆ బస్సుకే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన ఎన్నడూ తెప్ప నడపలేదు. ఒడ్డున నిలబడి వల లాగే గుంపులో ఒకడిగా, తన కంటే చిన్నవాళ్ళ కింద కూలికి పనిచేశాడు. నేను పీయూసీ, డిగ్రీ చదివి, ట్రైనింగు అయ్యి, ఆ దశకం చివర్లో బోగోలు వైపు ఒక హైస్కూల్లో లెక్కల మాస్టరుగా చేరాను. నాలుగో రోజు సాయంత్రం నాకు తెలిసిపోయిన సంగతి నాయనకు చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. చెప్తే వాళ్ళు పడ్డ కష్టం వృథా అవుతుందనుకున్నాను. అసలు కారణం అది కాదేమో. అన్న కంటే లెక్కల పరీక్షను ముందు పెట్టానని వాళ్ళకు తెలియడం నాకు ఇష్టం లేదు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, పరీక్షల రోజుల్లోనే, పదకొండో తరగతి అమ్మాయి తండ్రి బడికి వచ్చాడు. రైతు. కాళ్ళకు ఇంకా మడి బురద ఉంది. పిల్ల వాళ్ళ పిన్నమ్మ ఇంట్లో ఉండి పరీక్షలు రాస్తున్నది.

"రాత్రి వాళ్ళమ్మ పోయింది సార్," అన్నాడు. "ఇంకా రెండు పరీక్షలుండాయి. బిడ్డకు చెప్పబాకండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

సరేనన్నాను. ఆయన వెళ్ళాక స్టాఫురూములో కూర్చుంటే, రోడ్డు వార నిలబడ్డ నాయన్ను నేను అడగని ఆ ఒక్క మాట గుర్తొచ్చింది. లేచి పోయి, గదిలో చదువుకుంటున్న ఆ అమ్మాయిని బయటికి పిలిచి చెప్పేశాను. ఆ పిల్ల నన్ను పట్టుకొని అరిచిన అరుపుకు బడి అంతా బయటికి వచ్చింది. తండ్రి వెనకే బస్సెక్కి ఇంటికి పోయి తల్లి ముఖం చూసుకుంది. ఆ రెండు పరీక్షలూ రాయలేదు. మళ్ళీ బడికి రాలేదు. ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసి పంపారని విన్నాను.

ఆ తండ్రి బజార్లో ఎదురుపడితే మొహం తిప్పుకొని పోయేవాడు. ఒకసారి మాత్రం ఆగి, "మీకేం అన్యాయం చేసినాను సార్?" అని అడిగాడు. నా ముఖం వైపు చూసి, గంప భుజాన మార్చుకొని వెళ్ళిపోయాడు.