వెంట్రుకంత చీలిక

ఆయన్ని వీధిలో అందరూ గ్రీజు మేస్త్రి అనేవారు. రోడ్డు మలుపులో రేకుల షెడ్డు. అక్కడికి వచ్చే బండ్లన్నీ ఇంచుమించు ఆయన ఈడువే. బానెట్ ఎత్తితే ఇంజిను సందుల్లోంచి నేల కనిపించాలి, అప్పుడే అది బండి అనేవాడు.

"స్టార్టు కాలేదంటే ఏముంది? నిప్పన్నా అందట్లేదు, నూనన్నా అందట్లేదు. మూడో జబ్బే లేదు దానికి" అనేవాడు పాత కార్ల గురించి ముచ్చటగా. అవి మొరాయించే ముందు దగ్గేవి, వణికేవి, నల్లగా పొగ కక్కేవి. తమ బాధ తామే చెప్పుకునేవి. కొత్త కార్లు అలా కాదు. తెర మీద ఒక పసుపు దీపం వెలిగించి, అలిగిన అల్లుడిలా మూతి ముడుచుకుని కూర్చుంటాయి. ఏమైందో చెప్పవు. అందుకే కొత్త కారు గుమ్మంలోకి వస్తే ఆయన దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపేవాడు.

నర్సమ్మ కారు విషయంలో మాత్రం అలా ఊపలేకపోయాడు. ఆవిడ ఇంటింటికీ తిరిగి బాలింతల్నీ పసిపిల్లల్నీ చూసే మనిషి. ఆవిడ పాత కారుని ఏళ్ల తరబడి నడిపించింది మేస్త్రే. అది అమ్మేసి కొత్తది కొన్నాక ఆవిడకి మనశ్శాంతి లేకుండా పోయింది. నడుస్తూ నడుస్తూ నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కంపెనీ వర్క్‌షాపుకి తీసుకెళ్తే అక్కడ బంగారంలా తిరుగుతుంది. వాళ్లు ఒక సెన్సర్ మార్చారు, ఇంకోటి మార్చారు, ఆఖరికి "మీ డ్రైవింగ్‌లోనే ఏదో ఉంది మేడమ్" అన్నారు. ఆ మాటకి ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ మర్నాడే వంతెన మీద, వెనక లారీలన్నీ హారన్లు కొడుతుంటే, మళ్లీ ఆగింది. తాడు కట్టి లాగించుకొచ్చి షెడ్డు ముందు దిగింది.

"మేస్త్రి గారూ, మీరు కాదంటే నేను డ్యూటీకి నడిచే వెళ్తాను. దీన్ని ఇక ముట్టుకోను."

మేస్త్రి బానెట్ ఎత్తాడు. నల్లటి ప్లాస్టిక్ మూత. అది తీస్తే కింద ఇంకో మూత. చెయ్యి దూరే సందు లేదు. బ్యాటరీ చూశాడు, వైర్లు ఒక్కొక్కటే కదిపి చూశాడు. ఈలోగా చల్లారిందేమో, మీట నొక్కగానే చక్కగా స్టార్టైంది. ఆయన మొహం విప్పారేలోపే, బాగా వేడెక్కాక, కళ్లముందే టక్కున ఆగిపోయింది. కాసేపాగి నొక్కితే మళ్లీ వచ్చింది, మళ్లీ ఆగింది. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

"ఇది బండి కాదమ్మా, దయ్యం. జబ్బైతే మందేస్తాను. దయ్యాన్ని విప్పే పానా నా దగ్గర లేదు."

అప్పుడే పట్టకారు కోసం వచ్చిన కోడలు ఆ మాట విని ఆగింది. షెడ్డు వెనకే ఉన్న వాళ్ల ఇంటి ముందుగదిలో ఆమె సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. అదీ ఒక పనేనా అన్నట్టు మేస్త్రి ఆ గదిలోకి ఎప్పుడూ తొంగి చూసింది లేదు.

"వేడెక్కితేనే ఆగుతోందా మామయ్యా?"

"ఆఁ. చల్లారితే ఏమీ ఎరగనట్టు లేస్తోంది."

"మా దగ్గరికొచ్చే ఫోన్లు కొన్ని అచ్చం ఇలాగే చేస్తాయి. దాని కంప్యూటర్ డబ్బా విప్పి ఇవ్వండి, ఒకసారి చూస్తా."

మేస్త్రి సందేహంగా నర్సమ్మ వైపు చూశాడు. "ఇంకా చెడ్డానికి ఏం మిగిలిందని? చూడమ్మా" అంది ఆవిడ.

ఇంజిను పక్కనే బిగించి ఉన్న ఆ డబ్బా అరచేతి కంటే కాస్త పెద్దది. మేస్త్రి దాన్ని విప్పి ముందుగదికి తెచ్చాడు. కోడలు బ్లేడుతో అంచుల జిగురు కోసి, మూత తీసి, లోపలి బోర్డుని మైక్రోస్కోప్ కింద పెట్టింది. ఆ మూల నుంచి ఈ మూల దాకా జరుపుతూ చూసింది. తర్వాత లేచి స్టూలు ఆయన వైపు జరిపింది.

"కళ్లజోడు తీసి చూడండి మామయ్యా."

మొదట ఒట్టి వెలుగే. ఆ తర్వాత మెల్లగా తేటపడింది.

కింద ఒక దేశం ఉంది. పచ్చటి నేల మీద సన్నటి దారులు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా తాకకుండా, మలుపు వస్తే అన్నీ కలిసి తిరుగుతూ కనుచూపు మేర పోతున్నాయి. దారుల చివర వెండి గుట్టలు. నల్లటి మేడలు, ఒక్కో మేడ మీద అచ్చేసిన అక్షరాలు. మామూలు కంటికి అదంతా గోరంత చోటు.

"ఎవరు గీశారమ్మా ఇదంతా?" గొంతు తగ్గించి అడిగాడు, అక్కడెవరో నిద్రపోతున్నట్టు.

"మిషన్లే చేస్తాయి. వాటికి ఎలా చెయ్యాలో చెప్పింది మనుషులే."

"ఇంకొంచెం జరుపు... ఇంకొంచెం..."

ఆమె బోర్డుని జరుపుతూ పోయింది. ఒకచోట ఆపి సూది పెట్టింది. ఆయన కంటికది ఇనుప దూలంలా వచ్చి ఒక వెండి గుట్ట పక్కన వాలింది. గుట్ట చుట్టూ నల్లగా, వంపు తిరిగిన గీత.

"టంకం చీలింది, చూశారా? వేడికి ఆ చీలిక తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. అందుకే ఎవరికీ దొరకలేదు."

ఆ గీత మేస్త్రికి కొత్త కాదు. లారీల చాసిస్ మీద, వెల్డింగ్ అతుకుల దగ్గర, జానెడు పొడవున ఎన్నిసార్లు చూశాడో. అదే వంపు, మూలలో మొదలై చుట్టూ పాకే అదే తీరు. ఆ డబ్బాలో తన లోకానిది కానిదేదో ఉందని ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఉన్నది లోహమే. కాగితే సాగుతుంది, అదిరితే చీలుతుంది.

"పాపం, దయ్యం కాదన్నమాట ఇది, జబ్బే" అన్నాడు.

కోడలు టంకం పెడుతుంటే పక్కన నిలబడి ఆమె చేతినే చూశాడు. ఆవగింజలో సగం లేని చుక్క కరిగి, సన్నటి పొగ లేచింది. చెయ్యి ఇసుమంత కూడా వణకలేదు. అంత నిలకడైన చెయ్యి తన ఇంట్లోనే ఉందని ఆయనకి తెలియదు. మళ్లీ వంగి చూస్తే, చీలిక ఉన్నచోట నీటిబొట్టులా మెరుస్తోంది.

డబ్బా బిగించాక కారు సాయంత్రం దాకా ఆగకుండా నడిచింది. నర్సమ్మ కోడలి రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. పసుపు దీపం కూడా ఆరిపోయింది.

కొత్త కార్ల మీద మేస్త్రికి కోపం మాత్రం తగ్గలేదు. ఇంకా పెరిగింది. "అంత అపురూపమైన పనితనాన్ని తీసుకెళ్లి కాగే ఇంజిను పక్కన బిగిస్తారా? పసిబిడ్డని పొయ్యి పక్కన పడుకోబెట్టినట్టు! వాళ్లకి మనసెలా ఒప్పిందే?" అని ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని భార్యతో వాదించాడు, ఆవిడే బిగించినట్టు.

ఇప్పుడు కొత్త కారు వస్తే ఆయన చెయ్యి అడ్డంగా ఊపడు. డబ్బా విప్పి, రెండు చేతులా పట్టుకుని ముందుగదికి వెళ్తాడు. అక్కడ ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ల వరసలో బెంచీ చివర కూర్చుంటాడు. "మామయ్యా, మీరు ముందుకి రండి" అని కోడలు పిలిచినా కదలడు.

"వాళ్లది కానీ తల్లీ. అయ్యాక మనం తీరుబడిగా చూద్దాం" అంటాడు.