మగ్గం పక్కన చప్పట్లు

మా ఆడబిడ్డను తలుచుకుంటే నాకు ముందు చప్పట్లే వినబడతాయి. ఫ్రెంచి పరీక్ష పాసైతేనే హైదరాబాద్‌లో ఉద్యోగం. అందుకని అన్న మగ్గం పక్కనే కూర్చుని, ఒక్కో మాటనూ ముక్కలు చేసి, ముక్కకో చప్పట కొట్టేది. వె-నీర్. రె-వె-నీర్. దె-వె-నీర్.

"వెనీర్ అంటే వచ్చుడు, వదినె. లాటిన్ల పుట్టిన మాట. ముంగట రె తగిలిస్తే మళ్ల వచ్చుడు, దె తగిలిస్తే అవుడు."

"ఒక్క మాటకు గిన్ని తోకలెందుకే?"

"తోకలు గావు, తలకాయలు!" అని విసుక్కునేది.

మా ఆయన జంపఖానాలు నేసేవాడు. ఆ చప్పట్లకు చేతి దెబ్బ తప్పి అంచు వంకరపోయేది. "జర ఆపు చెల్లే! నీ ఫ్రెంచంత నా జంపఖానల వడుతాంది" అని అరిచేవాడు.

రెండోసారి కూడా పరీక్ష తప్పింది. పుస్తకాలు అటక మీద పడేసింది. ఇంట్లో ఇక మగ్గం చప్పుడొక్కటే. మా ఆయన నేసిందే విప్పి మళ్లీ నేస్తూ, చివరికి విసిగి లేచాడు.

"నీ చప్పట్లు లేక చెయ్యాడుత లేదు చెల్లే. కొడుతవా, కొట్టవా?"

"నీ జంపఖానా కోసం నేను ఫ్రెంచి చదవాల్నా?"

అంటూనే అటకెక్కి పుస్తకం దించింది. కోపంగా మొదటి చప్పట ఎంత గట్టిగా కొట్టిందంటే, పొయ్యి దగ్గర నా చేతిలో గరిటె జారింది.