జీపు పొగకి మూత వేసిన గొలుసత్త

కొండదారిలో ఏ బండి బురదలో దిగబడ్డా జనం నోట ముందుగా వచ్చే మాట, "గొలుసత్తకి కబురు పెట్టండి" అని. ఆవిడ జీపు వెనక లావుపాటి ఇనప గొలుసు ఎప్పుడూ పడి ఉండేది, అందుకా పేరు. నిజానికి ఆ పని ఆమె భర్తది. ఒక వానాకాలం లారీకి గొలుసు తగిలిస్తూ ఆయన జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. "ఇక బండి అమ్మేద్దాం" అని ఆయన గోడవైపు తిరిగి పడుకుంటే, ఆవిడ తాళంచెవి తీసుకుని బయటికి నడిచింది. మొదట్లో నవ్వినవాళ్ళు చాలామందే. ఆ నవ్వినవాళ్ళ బండ్లే ఒక్కొక్కటిగా బురదలో దిగబడేసరికి అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

అలాంటి అత్తకి ఆ ఏడు గడ్డుకాలం వచ్చిపడింది. జీపుకి ఆయాసం పట్టుకుంది. ఎత్తు కనబడితే చాలు, వెనకనించి కాటుకలాంటి పొగ కక్కి చతికిలబడేది. ఇటుకల లారీని లాగబోయి సగంలోనే చేతులెత్తేసింది. అదే సమయానికి కింద మలుపు దగ్గర ఒకాయన దిగబడ్డ బండ్లు లాగడానికే తళతళలాడే కొత్త నీలం బండి దింపాడు. లారీవాళ్ళు అత్త ఎదుటే అతని ఫోన్ నంబరు తీసుకున్నారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి బానెట్ ఎత్తింది. పెరట్లో కుర్చీలో కూర్చున్న మొగుడు అక్కణ్ణించే తీర్పు చెప్పేశాడు.

"డీజిల్ పంపు పోయింది."

"పంపు పోతే స్టార్టవ్వడానికే ఏడవాలి కదండీ. పొద్దున్నే ఒక్క దెబ్బకి లేస్తోంది. ఎత్తెక్కేటప్పుడే ఊపిరాడట్లేదు దానికి."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావ్?"

"మీకు నడుం పట్టీలు వెయ్యడం మొదలెట్టాక."

ఇంజనుకి గాలి వెళ్ళే గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టింది. వేలంతా తారు పూసినట్టు నల్లగా బయటికొచ్చింది. ఇంజను వదిలిన పొగలో కొంత మళ్ళీ ఇంజనుకే తాగించే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది, ఈజీఆర్ అంటారు. పొగలో విషం తగ్గాలని పెట్టిన ఏర్పాటు. అది మసి పట్టి, తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుపోయింది. బండి తన పొగ తనే పీల్చి ఉక్కిరిబిక్కిరవుతోంది.

అంత పాత బండికి కొత్త వాల్వు ఎక్కడా దొరకలేదు. మిగిలిన దారి ఒక్కటే, పొగ గొట్టానికీ వాల్వుకీ మధ్య ఇనప బిళ్ళ పెట్టి దారి మూసెయ్యడం. పట్నం రోడ్లమీద తిరిగే బండ్లకి అలా చెయ్యనివ్వరు. ఈ జీపు మాత్రం కొండ దిగి ఎరగదు.

బోల్టు ఒకటి తుప్పుపట్టి మొండికేసింది. అత్త స్పానర్ మీద బరువంతా వేసింది.

"ఆగాగు! తెగ్గొడతావా ఏంటి?" మొగుడు అరిచాడు. "నూనె పొయ్యి. కాసేపు నాననీ. ముందు కాస్త బిగించి, అప్పుడు వదులు చెయ్యి."

చెప్పినట్టే చేసింది. బోల్టు కిర్రుమని కదిలింది. ఆయన మొహంలో చాలాకాలం తర్వాత వెలుగొచ్చింది. ఆవిడ చూసీ చూడనట్టు బోల్టు ఊడదీసింది.

వాల్వు మూతిమీద అట్టముక్క పెట్టి బొటనవేలితో అంచులు నొక్కి అచ్చు తీసుకుంది. దాని ప్రకారం రంగు డబ్బా మూత కత్తిరించి బిగించింది. జీపు రెండు వీధులు తిరిగిందో లేదో బుస్సుమని శబ్దం. ఊడదీసి చూస్తే ఆ రేకు అప్పడంలా వంకర్లు తిరిగి అంచు కాలిపోయింది. మొగుడు నడుం నొప్పి మర్చిపోయి మరీ నవ్వాడు.

"పొయ్యిలో ఉండే వేడికి డబ్బా రేకు అడ్డం పెడతావా?"

అత్తకి ఒళ్ళు మండింది. ఆ అట్టముక్కే పట్టుకుని గేట్లు చేసే వెల్డరు దగ్గరికి వెళ్ళి, దళసరి ఇనప పలక కోయించి, బోల్టులకి కన్నాలు వేయించింది. దగ్గరుండి అంచులు తనే ఆకురాయితో సాపు చేసింది. ఇంటికొచ్చాక గొట్టాల్లోని మసంతా గోకి కిరోసిన్‌తో కడిగింది. బిళ్ళ పెట్టి, పొగ సందుల్లోంచి కారకుండా అటూ ఇటూ కొత్త గాస్కెట్లు వేసి బిగించేసరికి మొహంలో కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఈసారి బుస్సు లేదు, కస్సు లేదు.

మర్నాడు మధ్యాహ్నం కుండపోత. ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు నిండా జనంతో పైమలుపులో దిగబడింది. డ్రైవరు ముందు పిలిచింది నీలం బండినే. అది ఊగి ఊగి, తనే గోతిలోకి దిగిపోయింది. అప్పుడొచ్చింది అత్తకి ఫోను.

జీపుని చూసి నీలం బండాయన నీళ్ళు నమిలాడు. "వదినా, నీ జీపు తనని తనే లాక్కోలేదు. ఎందుకొచ్చిన గొడవ?"

"కాస్త పక్కకి జరగండి అన్నయ్యా, గొలుసు తగుల్తుంది."

గొలుసు తగిలించి, లో గేరు వేసి, మెల్లగా కాలు నొక్కింది. గొలుసు బిగిసింది. ఇంజను దగ్గుతుందేమోనని చెవి పెట్టింది. దగ్గలేదు. గొంతు పెంచింది, అంతే. చక్రాలు మట్టిని కరిచిపట్టుకున్నాయి. వెనక బస్సు మూలిగింది, కదిలింది, ఎత్తు దాటి గట్టి నేలమీదికి ఎక్కేసింది. కిటికీల్లోంచి కేకలు, ఈలలు. అద్దంలోకి చూస్తే పొగ పల్చగా, ఉందా లేదా అన్నట్టుంది. అత్త స్టీరింగ్ మీద చెయ్యేసి రెండుసార్లు తట్టింది.

"అత్తా, మమ్మల్ని గట్టెక్కించావు!" డ్రైవరు దణ్ణం పెట్టేశాడు.

ఆవిడ వెనక్కి తిరిగొచ్చి, అదే గొలుసు నీలం బండికి తగిలించింది. అతను తలొంచుకుని, "ఏం మందు పెట్టావొదినా దీనికి?" అన్నాడు.

"మందు కాదన్నయ్యా. మూత!"

వాన వెలిశాక ఇంటికొచ్చింది. కబురు ఆవిడకన్నా ముందే చేరినట్టుంది, మొగుడు కర్ర ఊతంతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె పక్క తలుపు తెరిచింది.

"ఎక్కండి."

"ఎక్కడికి?"

"ఊరికే. పైకి."

మెత్తలు సర్ది కూర్చోబెట్టింది. ప్రమాదం జరిగాక ఆయన కొండదారి మొహం చూడలేదు. జీపు ఒక్కో మలుపూ అలవోకగా ఎక్కుతుంటే కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడే వింటూ కూర్చున్నాడు. బస్సు దిగబడిన చోటు దాటాక బండి ఆపబోయింది.

"ఆపుతావేం?" అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. "ఇంకా చాలా ఎత్తుంది. పోనీ!"

అత్త గేరు మార్చింది.