హీలు వేలున్నర తగ్గిన ఏడాది

ఫిదెన్సియో చెప్పుల కొట్టు గుమ్మానికి పైచెక్క మీద, సరిగ్గా నడిమధ్య, అరచెయ్యంత మేర రంగు ఊడిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు చెదలేమో అనుకుంటారు. అది జొరాయిదా కొప్పు చేసిన పని. నలభై ఒక్క ఏళ్ళుగా ఆవిడ హీల్స్ వేసుకుని ఆ గుమ్మం దాటినప్పుడల్లా కొప్పు పైచెక్కను ఒరుసుకుంటూ పోతుంది. కాస్త వంగి రాకూడదా అంటే, "వంగడానికా ఇంతెత్తు వేసుకున్నది?" అంటుంది.

ఎత్తు మడమల జోళ్ళు మొదట తొడిగింది పర్షియా గుర్రపు రౌతులట, రికాబులో కాలు జారకుండా. ఆడవాళ్ళ దగ్గరికి అవి చాలా ఆలస్యంగా వచ్చాయి. ఆ సంగతి ఎవరికీ పట్టని రోజుల్లో, మగబిడ్డగా పుట్టి హీల్స్ వేసుకున్న నేరానికి, మెక్సికో నగరంలో జొరాయిదా లాంటివాళ్ళను పోలీసు వ్యానుల్లో కుక్కి తీసుకుపోయేవారు. ఎనభై మూడులో, అలా పట్టుబడి బయటపడిన మర్నాడు, ఒంటికాలి జోడుతో ఆవిడ గెర్రెరో పేటలోని ఈ కొట్టు మెట్లెక్కింది. దుకాణాల్లో ఆడవాళ్ళ జోళ్ళు ఇరవై ఆరు సెంటీమీటర్లు దాటవు. ఆవిడ పాదం ఇరవై తొమ్మిది.

ఫిదెన్సియో అప్పటికి కొత్తగా పెళ్ళయినవాడు, ఆదివారం చర్చి మానని మనిషి. ఎగాదిగా చూడలేదు. నేల మీద కాగితం పరిచి, "కాలు పెట్టండి అమ్మా," అన్నాడు. పెన్సిలుతో పాదం చుట్టూ గీసుకుని, ఆ గీత ప్రకారం కర్ర పాదాలు రెండు చెక్కుకుని, వాటి మీద మొదటి జత కుట్టాడు. ఆ "అమ్మా" అన్న పిలుపును ఆవిడ ఈనాటికీ తలుచుకుంటుంది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు వచ్చారు, వాళ్ళను చూసి మరొకరు. అటక మీద వరసగా ఉన్న కర్ర పాదాల్లో సగానికి ఇప్పుడు మనుషులు లేరు. ఎయిడ్స్ మాయరోగం ఊడ్చుకుపోయిన ఏళ్ళవి. వాటిని అతను పొయ్యిలో పెట్టలేదు. శనివారం శనివారం దుమ్ము దులుపుతాడు.

ఎనభై అయిదు సెప్టెంబరు భూకంపానికి ఇంటి వెనకభాగం కూలి, ఫిదెన్సియో భార్య ఒఫేలియా కింద ఇరుక్కుపోయింది. వీధంతా ఎవరివాళ్ళ కోసం వాళ్ళు తవ్వుకుంటున్నారు. ఇంట్లో తవ్వి తీయవలసిన సొంతవాళ్ళెవరూ లేని జొరాయిదా, ఆవిడ నేస్తాలు అయిదుగురు పరుగున వచ్చారు. రంగు వేసిన గోళ్ళు విరిగిపోతుంటే ఇటుకలెత్తారు. పధ్నాలుగు గంటల తర్వాత పైకి వచ్చిన ఒఫేలియా, తెల్లటి దుమ్ములో కళ్ళు చికిలించి అన్న మొదటి మాట, "నీ పెదవుల రంగు చెదిరిందే, జొరాయిదా."

ఆ రోజు ఫిదెన్సియో ఆవిడకు కృతజ్ఞత చెప్పలేకపోయాడు. తర్వాత చెబుదామనుకుంటే వేళ మించిపోయిందనిపించింది. ఏటా జూన్ నెలాఖరున ఆవిడలాంటివాళ్ళంతా తలెత్తుకుని నడిచే ఊరేగింపుకు ఆవిడకో జత కుట్టి ఇవ్వడమే అతనికి చేతనైన మాట.

ఈ ఏడు చిక్కు వచ్చిపడింది. జొరాయిదాకు డెబ్భై ఒకటి. చలికాలంలో పడి తుంటి దెబ్బతింది. హీల్స్ మాట ఎత్తవద్దన్నాడు డాక్టరు. ఏంజెల్ స్తంభం నుంచి సోకలో మైదానం దాకా, ఏ ఏడూ తప్పనట్టే, హీల్స్ మీదే నడుస్తానని ఆవిడ పంతం. మళ్ళీ పడితే ఇక లేవదని ఫిదెన్సియో భయం. పైగా అతని చేతులు వణకడం మొదలై ఏడాదయింది. ఇదే చివరి జత అని ఒక్క ఒఫేలియాకే చెప్పాడు.

"పల్లం జోళ్ళు వేసుకోమని చెప్పవయ్యా దానికి," అంది ఒఫేలియా.

"నువ్వే చెప్పు."

"నాకింకా బతకాలనుంది."

జొరాయిదా రానే వచ్చింది. "నాలుగు వేళ్ళ ఎత్తు, మేస్త్రీ. నూలుపోగంత తగ్గినా నీ నెత్తినేసి కొడతా."

"ఒక్కసారి కాలు కొలవనీ, రాణీ. వయసు మీద పడితే పాదం వెడల్పవుతుంది."

"నీదయిందేమో! నాది ఎనభై మూడులో ఎలా ఉందో అలానే ఉంది."

ఇక దొంగతనం తప్పలేదు. తలకు రంగు వేస్తానని ఒఫేలియా ఆవిణ్ణి పెరట్లోకి పిలిచింది. స్నానం చేసి ఎర్ర పలకల మీద నడిచిపోయిన జొరాయిదా తడి అడుగులను, ఆరిపోయేలోగా ఫిదెన్సియో మోకాళ్ళ మీద పాకుతూ వార్తాపత్రిక మీదికి ఎక్కించుకున్నాడు. పాదం వేలెడు వెడల్పయింది. పాత కర్ర పాదాలకు తోలు ముక్కలు అంటించి సరిచేశాడు. హీలు వేలున్నర తగ్గించాడు, కాకపోతే సన్నగా లోపలికి వాలుగా చెక్కి చూపుకు ఎత్తు కనిపించేలా చేశాడు. మునుపు మూడు రోజుల పని, మూడు వారాలు పట్టింది.

ఊరేగింపునాటి ఉదయం జొరాయిదా నేలను జీరాడే ఆకుపచ్చ గౌనులో వచ్చింది. జోళ్ళు తొడుక్కుని లేచింది. ఫిదెన్సియో పాదాల వంకే చూస్తున్నాడు. ఆవిడ గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, తలెత్తి పైకి చూసి, బయటికి నడిచింది.

రెఫార్మా రోడ్డంతా బాకాలు, జెండాలు, ఉడికించిన మొక్కజొన్న వాసన. సంచిలో తోలు గుచ్చే ఆరె, సుత్తి, జిగురు పెట్టుకుని ఫిదెన్సియో పక్కనే నడిచాడు. వెనక, ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి తమాలేల డబ్బాతో ఒఫేలియా. రెక్కలు కట్టుకున్న కుర్రకారు ఎదురొచ్చింది.

"అమ్మమ్మా, ఆ జోళ్ళెక్కడివే?"

"మా మేస్త్రీ కుట్టాడురా. నీ నడకకి ఇవెందుకు, లారీ టైర్లు చాలు!"

అలమేద తోట దగ్గర వాన దంచింది. తడి రాయి మీద జొరాయిదా కాలు జారింది. ఫిదెన్సియో చెయ్యి అందించేలోపే హీలు నేలను పట్టుకుని నిలిచింది. ఆవిడ గౌను సర్దుకుని మళ్ళీ నడిచింది.

సోకలో చేరేసరికి వాన వెలిసింది. జొరాయిదా అరుగు మీద కూలబడి కాళ్ళు చాపింది.

"వేలున్నర," అంది.

ఫిదెన్సియో భుజాన ఉన్న సంచి కింద పెట్టాడు.

"నీ గుమ్మం నా కొప్పుకు తగల్లేదయ్యా. నలభై ఒక్క ఏళ్ళలో ఇదే మొదలు."

"మరి నెత్తినేసి కొట్టలేదేం?"

"కొడితే ఏం వేసుకుని నడవను? ఇంత దూరం నడుస్తానని నాకే నమ్మకం లేదు." జోళ్ళ వంక చూసుకుంది. "వచ్చే ఏడు ఇంకో అరవేలు తగ్గించు."

అతను చేతులు చాపి చూపించాడు. వాటి వణుకు అవి వణుకుతున్నాయి.

"తెలుసు. ఎడమ జోడు కుట్టు వంకరపోయింది. నా నడకా వంకరేగా. పోనీలే." జోళ్ళు విప్పి కాలు ముందుకు చాచింది. "ఈసారి వేళ్ళు నొక్కుకోలేదంటే నా కాలు కొలిచే ఉంటావు. దొంగతనంగా ఎందుకు, ఇప్పుడే కొలుచుకో."

ఒఫేలియా తమాలేల డబ్బా అట్ట చించి నేల మీద పరిచి, మొగుడి మణికట్టు గట్టిగా పట్టుకుంది. పెన్సిలు మడమ దగ్గర బయల్దేరింది.

"ఎనభై అయిదులో నీకు చెప్పవలసిన మాట ఒకటుంది, రాణీ," అన్నాడు ఫిదెన్సియో, తలెత్తకుండా.

"గీస్తూ చెప్పు."

ముప్పై తొమ్మిదేళ్ళ మాట. రెండో పాదం బొటనవేలు చేరేసరికి చెప్పడం పూర్తయింది. జొరాయిదా మైదానంలో జనం మీదుగా ఎటో చూస్తూ, చేతి వెనకవైపుతో మూతి తుడుచుకుంది.

"నీ పెదవుల రంగు చెదిరిందే," అంది ఒఫేలియా.